నెలవారీ అద్దెకు పదిహేను రోజుల గడువు

న్యూఢిల్లీ : ప్రతి నెలా మొదటివారంలో అద్దె చెల్లించి, రసీదు కూడా అడగకుండా కాపురం వెళ్లదీస్తున్న కుటుంబాలు దేశంలోని పట్టణాలలో కోకొల్లలు. ఇంటి యజమానికీ, అద్దెదారుకూ మధ్య రాతకోతలేమీ లేకపోయినా, రాసుకొన్న పదకొండు నెలల గడువు ఎన్నడో ముగిసిపోయినా చట్టం దృష్టిలో వారి మధ్య ఒక ఒప్పందం అమలులోనే ఉంటుంది. అదే నెలవారీ అద్దె ఒప్పందం. దానికి స్వస్తి చెప్పడానికి ఉభయులలో ఎవరికైనా కావలసింది కేవలం పదిహేను రోజుల నోటీసు.

కాగితంపై ఇంత స్వల్పంగా కనిపించే ఈ గడువు కోర్టుకెక్కిన యజమానికి ఏళ్ల తరబడి సాగుతున్నది. చట్టం తెలియని అద్దెదారుకు ఒక్క పూటకు కుదించుకుపోతున్నది. దేశంలోని అద్దె ఇళ్ల సమస్య అంతా ఈ రెండు కొసల మధ్యనే ఉన్నది.

2011 జనాభా లెక్కల ప్రకారం పట్టణ కుటుంబాలలో దాదాపు 27 శాతం అద్దె ఇళ్లలో నివసిస్తున్నాయి. అదే సమయంలో పట్టణ ప్రాంతాలలో కోటీ పది లక్షలకు పైగా ఇళ్లు ఖాళీగా ఉన్నట్లు ఆ లెక్కలలోనే తేలింది. ఇల్లు దొరకక ఒకరు తిరుగుతుండగా, అద్దెకిస్తే తిరిగి చేతికి రాదన్న భయంతో మరొకరు తాళం వేసి ఉంచుతున్నారు. ఇళ్లు ఖాళీగా ఉండటానికి వేరే కారణాలు కూడా లేకపోలేదు గాని, ఈ భయం వాటిలో ముఖ్యమైనదని కేంద్ర ప్రభుత్వమే అంగీకరించింది. 2021లో నమూనా అద్దె చట్టాన్ని తీసుకురావడానికి చూపిన కారణాలలో ఇది ఒకటి.

బ్రిటిష్‌వారి కాలం నాటి సూత్రం

నెలవారీ అద్దెకు మూలం 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలోని 106వ సెక్షన్‌. ఉభయపక్షాలు వేరే విధంగా ఒప్పుకొని ఉండకపోతే, స్థానిక చట్టం గాని, ఆచారం గాని అందుకు విరుద్ధంగా లేకపోతే వ్యవసాయానికి లేదా వస్తూత్పత్తికి ఇచ్చిన స్థిరాస్తిని ఏడాదివారీ లీజుగా ఆ సెక్షన్‌ పరిగణిస్తుంది. దానిని రద్దు చేయడానికి ఆరు నెలల నోటీసు అవసరం. మిగిలిన అన్ని ప్రయోజనాలకు ఇచ్చినది నెలవారీ లీజు. దీనికి పదిహేను రోజుల నోటీసు సరిపోతుంది. అంటే కర్మాగారం నడిపేవారికి ఆరు నెలలు, కాపురముండేవారికీ, కిరాణా కొట్టు పెట్టుకొన్నవారికీ పదిహేను రోజులు అన్నమాట.

నోటీసు లిఖితపూర్వకంగా ఉండాలి. ఇచ్చేవారు గాని, వారి తరఫువారు గాని దానిపై సంతకం చేయాలి. దానిని తపాలాలో పంపవచ్చు. స్వయంగా అందజేయవచ్చు. ఇంట్లోని కుటుంబసభ్యునికో, పనివారికో ఇవ్వవచ్చు. ఇవేవీ వీలుకాని పక్షంలో అద్దెకిచ్చిన ఆస్తిపై అందరికీ కనిపించేచోట అంటించవచ్చు. నోటి మాటగా 'వచ్చే నెలకు ఇల్లు ఖాళీ చేయండి' అని చెప్పడం చట్టప్రకారం నోటీసు కాదు. ఈ నిబంధన యజమానికి ఎంత వర్తిస్తుందో అద్దెదారుకూ అంతే వర్తిస్తుంది. చెప్పాపెట్టకుండా తాళాలు ఇచ్చి వెళ్లిపోయిన అద్దెదారు నుంచి నోటీసు కాలపు అద్దెను కోరే వీలు యజమానికి ఉంటుంది. అడ్వాన్సు తిరిగి ఇచ్చేటప్పుడు తలెత్తే తగాదాలలో పెక్కింటికి ఇదే మూలం.

ఒకప్పుడు ఈ నోటీసు తేదీల లెక్క యజమానులకు ప్రాణసంకటంగా ఉండేది. నోటీసు గడువు అద్దె నెల ముగిసే రోజుతోనే ముగియాలని పాత చట్టం నిర్దేశించింది. ఉదాహరణకు పదో తేదీన ఇంట్లో దిగిన అద్దెదారుకు నెల తొమ్మిదో తేదీ అర్ధరాత్రితో పూర్తవుతుంది. క్యాలెండరు చూసి నెలాఖరుకు ఖాళీ చేయమని నోటీసు ఇస్తే అది చెల్లేది కాదు. ఏళ్లు గడిచిన తరువాత, నోటీసులో తేదీ తప్పిందన్న ఒక్క కారణంతో దావా కొట్టుబడిపోయి, యజమాని మళ్లీ మొదటికి వచ్చిన సందర్భాలు అనేకం. పార్లమెంటు 106వ సెక్షన్‌ను సవరించడంతో ఈ చిక్కు తొలగింది. 2002 డిసెంబర్‌ 31 నుంచి అమలులోకి వచ్చిన ఆ సవరణ ప్రకారం, నోటీసు అందిన రోజు నుంచి పదిహేను రోజులు లెక్కిస్తారు. నోటీసులో గడువు తక్కువగా పేర్కొన్నప్పటికీ, పదిహేను రోజులు నిండిన తరువాతనే దావా దాఖలైతే ఆ నోటీసు చెల్లుతుంది.

పదకొండు నెలల మర్మం

నగరాలలో అద్దె అగ్రిమెంటు అనగానే పదకొండు నెలలు అన్న మాట వినిపిస్తుంది. దీని వెనుక 1908 నాటి రిజిస్ట్రేషన్‌ చట్టం ఉన్నది. ఏడాదికి మించిన గడువు గల లీజులను, ఏడాదివారీ లీజులను, వార్షిక అద్దె నిర్ణయించిన లీజులను తప్పనిసరిగా రిజిస్టర్‌ చేయించాలని ఆ చట్టంలోని 17వ సెక్షన్‌ చెబుతున్నది. రిజిస్ట్రేషన్‌ ఖర్చు, శ్రమ తప్పించుకోవడానికి గడువును పన్నెండో నెలకు ముందే ఆపివేయడం ఆనవాయితీగా మారింది. అంతేగాని అద్దెకు పదకొండు నెలలే ఉండాలని ఏ చట్టంలోనూ లేదు.

ఈ ఆనవాయితీ తెలుగునాట మాత్రం చెల్లదన్న సంగతి చాలామందికి తెలియదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ శాసనసభ రిజిస్ట్రేషన్‌ చట్టానికి చేసిన సవరణ 1999 ఏప్రిల్‌ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం లీజు పత్రం ఎంత స్వల్పకాలానికి రాసుకొన్నదైనా రిజిస్టర్‌ చేయించవలసిందే. అయినా హైదరాబాద్‌లోనూ, విజయవాడలోనూ స్టాంపు కాగితంపై పదకొండు నెలలకు రాసుకొని, రిజిస్ట్రేషన్‌ లేకుండానే బీరువాలో భద్రపరచుకొంటున్నవారికి కొదవ లేదు.

రిజిస్టర్‌ కావలసిన పత్రం రిజిస్టర్‌ కాకపోతే అందులోని షరతులను రుజువు చేయడానికి అది సాక్ష్యంగా పనికిరాదు. అయితే అద్దెదారు ఇంట్లో ఉన్న మాట, నెలనెలా అద్దె చెల్లిస్తున్న మాట నిజం. ఇటువంటి స్థితిలో వారి మధ్య సంబంధం ఏమిటన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 2000 సంవత్సరంలో కేరళ నుంచి వచ్చిన ఆంథోనీ కేసులో సమాధానమిచ్చింది. రిజిస్టర్‌ కాని పత్రం చెల్లకపోయినా, స్వాధీనం ఇచ్చి అద్దె పుచ్చుకోవడం వల్ల లీజు ఏర్పడుతుందని, అది నెలవారీ లీజు అవుతుందని ఆ తీర్పు సారాంశం. గడువు ముగిసిన తరువాత యజమాని అభ్యంతరం చెప్పక అద్దె తీసుకొంటూ ఉంటే 116వ సెక్షన్‌ కింద ఆ నివాసం కూడా నెలవారీ లీజుగానే కొనసాగుతుంది. చివరకు ఏ దారిన వెళ్లినా చేరేది పదిహేను రోజుల నోటీసు దగ్గరకే.

దీనివల్ల నష్టపోయేది యజమాని ఒక్కడే కాదు. మూడేళ్లు ఉండవచ్చునన్న హామీతో పిల్లలను దగ్గరి బడిలో చేర్పించిన అద్దెదారు, ఆ హామీ రిజిస్టర్‌ కాని కాగితంలోనే ఉన్నప్పుడు దానిని కోర్టులో నిలబెట్టుకోలేడు.

నోటీసు ముగిసినా ఇల్లు చేతికి రాదు

పదహారో రోజున సామాను బయటపెట్టించే అధికారం యజమానికి ఉన్నదనుకోవడం పొరపాటు. నోటీసు వల్ల లీజు మాత్రమే రద్దవుతుంది. స్వాధీనం కోసం యజమాని సివిల్‌ కోర్టులో దావా వేయాలి. డిక్రీ పొందాలి. ఆ తరువాత డిక్రీ అమలుకు మరో దరఖాస్తు పెట్టుకోవాలి. స్థిరంగా స్వాధీనంలో ఉన్న వ్యక్తిని, అతనికి అక్కడ ఉండే హక్కు అంతరించినప్పటికీ, చట్టప్రకారం తప్ప మరో విధంగా వెళ్లగొట్టరాదని 1989లో కృష్ణ రామ్‌ మహాలే కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బలవంతంగా వెళ్లగొట్టబడిన వ్యక్తి ఆరు నెలలలోగా దావా వేసి, యాజమాన్య హక్కు ఎవరిదన్న విచారణతో నిమిత్తం లేకుండా స్వాధీనం తిరిగి పొందడానికి 1963 నాటి స్పెసిఫిక్‌ రిలీఫ్‌ చట్టంలోని 6వ సెక్షన్‌ వీలు కల్పిస్తున్నది.

ఇంత రక్షణ ఉన్నప్పటికీ వాస్తవంలో కోర్టు గడప తొక్కే అద్దెదారులు తక్కువ. గదికి తాళం పడిన రోజున కూలీ చేసుకొనేవారికి కావలసింది ఆ రాత్రి తలదాచుకొనే చోటు. దావాకు వకీలు ఫీజు పెట్టుకొని తీర్పుకోసం ఎదురుచూసే స్తోమతు వారికి ఉండదు. కరోనా లాక్‌డౌన్‌ సమయంలో ఈ చేదు నిజం దేశం ముందుకు వచ్చింది. వలస కార్మికులు సహా కార్మికుల నుంచి నెల రోజులపాటు అద్దె అడగరాదని, కార్మికులను, విద్యార్థులను ఖాళీ చేయమని ఒత్తిడి చేసే యజమానులపై చర్య తీసుకోవాలని కేంద్ర హోంశాఖ 2020 మార్చి 29న ఉత్తర్వు జారీచేయవలసి వచ్చింది. నెలవారీ అద్దె ఎంత పలుచని దారంపై వేలాడుతున్నదో చెప్పడానికి ఆ ఉత్తర్వే నిదర్శనం.

యజమానుల గోడు కూడా తోసిపుచ్చదగినది కాదు. జీవితకాలం కూడబెట్టిన సొమ్ముతో రెండో వాటా కట్టుకొని, ఆ అద్దెతోనే గడుపుకొస్తున్న పదవీ విరమణ ఉద్యోగులు, వితంతువులు ఎందరో ఉన్నారు. అద్దెదారు నోటీసును ఖాతరు చేయకపోతే దావా, అప్పీలు, అమలు దరఖాస్తు అంటూ తిరగవలసినది వారే. డిక్రీ వచ్చిన తరువాత కూడా స్టే తెచ్చుకొని పాత అద్దెకే కొనసాగడం ఒకప్పుడు సులభంగా ఉండేది. ఖాళీ చేయాలన్న డిక్రీ వెలువడిన తరువాత అద్దెదారు పాత అద్దెకే అంటిపెట్టుకొని ఉండజాలడని, స్టే ఇచ్చే కోర్టు మార్కెట్‌ అద్దె స్థాయిలో పరిహారం చెల్లించాలని షరతు విధించవచ్చునని 2004లో ఆత్మారామ్‌ ప్రాపర్టీస్‌ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దీనితో కాలయాపన కోసం వేసే అప్పీళ్లకు కొంతమేర పగ్గం పడింది.

అద్దె నియంత్రణ గొడుగు

నెలవారీ అద్దెదారుకు పదిహేను రోజుల నోటీసే దిక్కైతే దశాబ్దాల తరబడి ఒకే ఇంట్లో ఉండిపోయిన కుటుంబాలు ఎలా ఉన్నాయన్న సందేహం సహజం. అందుకు కారణం రాష్ట్రాల అద్దె నియంత్రణ చట్టాలు. రెండో ప్రపంచయుద్ధ కాలంలోనూ, దేశవిభజన అనంతరమూ నగరాలలో ఇళ్ల కొరత తీవ్రమైనప్పుడు ఇవి బలపడ్డాయి. చట్టం పేర్కొన్న కారణాలలో ఏదో ఒకటి రుజువైతే తప్ప అద్దెదారును ఖాళీ చేయించడానికి ఇవి అంగీకరించవు. అద్దె బకాయి, అనుమతి లేకుండా మరొకరికి అద్దెకివ్వడం, యజమాని సొంత అవసరం వంటివి ఆ కారణాలు. ఈ చట్టాల కింద ఖాళీ చేయించదలచినప్పుడు 106వ సెక్షన్‌ నోటీసు ప్రత్యేకంగా అవసరం లేదని 1979లో ధనపాల్‌ చెట్టియార్‌ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం తేల్చిచెప్పింది.

ఈ గొడుగు కొందరికి రక్షణ కాగా, మరికొందరికి శిక్ష అయింది. 1947 నాటి బొంబాయి చట్టం ప్రామాణిక అద్దెను 1940 సెప్టెంబర్‌ 1 నాటి స్థాయికి ముడిపెట్టింది. మరమ్మతులకు కూడా చాలని అద్దెతో భవనాలు శిథిలమయ్యాయి. అద్దెలను ఆ విధంగా స్తంభింపజేయడం కాలక్రమంలో అసమంజసంగా మారిందని 1997లో సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది. ఆ తరువాత మహారాష్ట్ర 1999లో కొత్త చట్టం చేసుకొంది. ఢిల్లీలో 1958 నాటి చట్టం స్థానే 1995లో పార్లమెంటు కొత్త చట్టాన్ని ఆమోదించింది. రాష్ట్రపతి సమ్మతి కూడా లభించింది. కాని పాత అద్దెలలో ఉన్న వర్తకుల నుంచి తీవ్ర వ్యతిరేకత రావడంతో దానిని అమలులోకి తెచ్చే నోటిఫికేషన్‌ వెలువడనే లేదు.

గొడుగును ఒక్కసారిగా మూయడం రాజకీయంగా సాధ్యంకాక ప్రభుత్వాలు మరో మార్గం ఎంచుకొన్నాయి. ఢిల్లీలో నెలకు 3,500 రూపాయలకు మించిన అద్దెలను 1988లో నియంత్రణ నుంచి తప్పించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1960 నాటి భవనాల అద్దె నియంత్రణ చట్టాన్ని 2005లో సవరించి, మునిసిపల్‌ కార్పొరేషన్‌లలో 3,500 రూపాయలు, ఇతర ప్రాంతాలలో 2,000 రూపాయలు దాటిన అద్దెలకు మినహాయింపు ఇచ్చారు. అప్పట్లో మధ్యతరగతి ఇంటికి సరిపోయిన ఆ మొత్తానికి నేడు నగరంలో ఒక గది కూడా దొరకడం కష్టం. ఫలితంగా తెలంగాణలో ఈ చట్టం పుస్తకాలలో ఉన్నప్పటికీ హైదరాబాద్‌లోని అద్దె ఇళ్లలో అత్యధికం దాని పరిధికి వెలుపలే ఉన్నాయి. వాటికి వర్తించేది మళ్లీ 1882 నాటి పదిహేను రోజుల సూత్రమే.

నియంత్రణకు వెలుపల ఉన్న నెలవారీ అద్దెకు పరిమితి అంటూ లేదు. ఒప్పందం నడుస్తుండగా అద్దెను ఏకపక్షంగా పెంచే హక్కు యజమానికి లేకపోయినా, నోటీసు ఇచ్చి పాత ఒప్పందం రద్దుచేసి, కొత్త అద్దెకు ఇష్టమైతే ఉండమనవచ్చు. అద్దెదారుకు రెండూ ఒకటే. ఇల్లు అమ్ముడుపోయిన సందర్భంలో మాత్రం చట్టం అద్దెదారు పక్షాన ఉన్నది. కొన్నవారు పాత యజమాని స్థానంలోకి వస్తారే తప్ప అమ్మకంతో అద్దె హక్కు దానంతట అది పోదు. వారు కూడా నోటీసు ఇవ్వవలసిందే.

మహారాష్ట్ర నగరాలలో యజమానులు లీజుకు బదులు 'లీవ్‌ అండ్‌ లైసెన్స్‌' పద్ధతిని ఆశ్రయిస్తున్నారు. ఇందులో ఇంటిని వాడుకొనే అనుమతి తప్ప ఇంటిపై హక్కు సంక్రమించదు. గడువు ముగిసినా ఖాళీ చేయనివారు రెట్టింపు మొత్తం చెల్లించాలని 1999 చట్టం చెబుతున్నది. అద్దె ఒప్పందాలన్నీ రాతపూర్వకంగా ఉండి, రిజిస్టర్‌ కావడం అక్కడ తప్పనిసరి.

పొరుగు దేశాలలోనూ ఈ బ్రిటిష్‌ వారసత్వం కొనసాగుతున్నది. బంగ్లాదేశ్‌లో 1882 చట్టం ఇప్పటికీ అమలులో ఉన్నది. దానితోపాటు 1991 నాటి ఇంటి అద్దె నియంత్రణ చట్టం ఒక నెల అద్దెకు మించి అడ్వాన్సు వసూలు చేయడాన్ని కట్టడి చేసింది. పాకిస్తాన్‌లోని పంజాబ్‌ రాష్ట్రం 2009లో అద్దె భవనాలకు ప్రత్యేక చట్టం చేసుకొంది.

నమూనా చట్టం దారి

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం నెలవారీ పద్ధతి నుంచి నిర్ణీత గడువు పద్ధతికి మళ్లించే ప్రయత్నం చేసింది. దీని ప్రకారం రాతపూర్వక ఒప్పందం లేనిదే ఇల్లు అద్దెకివ్వరాదు. ఒప్పందం వివరాలను రెండు నెలలలోగా అద్దె అధికారికి తెలియజేయాలి. నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు, ఇతర భవనాలకు ఆరు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోరాదు. బెంగళూరులో పది నెలల అద్దెను అడ్వాన్సుగా అడిగే ఆనవాయితీని గుర్తుచేసుకొంటే ఈ పరిమితి విలువ బోధపడుతుంది. యజమాని ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు తెలియజేయాలి. నీరు, విద్యుత్తు వంటి సదుపాయాలను నిలిపివేయరాదు.

గడువు ముగిసేదాకా, చట్టం పేర్కొన్న కారణం లేకుండా అద్దెదారును కదిలించడానికి వీలులేదు. గడువు ముగిశాక ఖాళీ చేయకపోతే మొదటి రెండు నెలలకు రెట్టింపు, ఆ పైన నాలుగు రెట్లు అద్దె చెల్లించుకోవాలి. తగాదాలను సివిల్‌ కోర్టులకు కాక అద్దె కోర్టులకు, ట్రిబ్యునళ్లకు అప్పగించారు. అద్దె కోర్టు అరవై రోజులలోగా తీర్పు చెప్పడానికి ప్రయత్నించాలి. యజమాని భయానికీ, అద్దెదారు భయానికీ ఒకే చట్టంలో సమాధానం వెతకడం ఇందులోని విశేషం.

అయితే భూమి, అద్దెల వ్యవహారం రాష్ట్రాల పరిధిలోనిది. నమూనా చట్టం సూచన మాత్రమే. ఆంధ్రప్రదేశ్‌, తమిళనాడు, ఉత్తరప్రదేశ్‌, అస్సాం రాష్ట్రాలు దీని తరహాలో తమ చట్టాలను మలచుకొన్నట్లు కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. ఆంధ్రప్రదేశ్‌ చట్టం 2017 నాటిదే. తమిళనాడు కూడా 2017లో చేసిన చట్టాన్ని 2019 ఫిబ్రవరిలో అమలులోకి తెచ్చింది. అక్కడ అడ్వాన్సుకు మూడు నెలల అద్దె పరిమితిగా ఉన్నది. పాత అద్దెల విషయంలో ఓట్ల లెక్కలు చూసుకొనే ప్రభుత్వాలు తొందరపడటం లేదు. నమూనా చట్టం కొత్త ఒప్పందాలకే వర్తిస్తుందని కేంద్రం పదేపదే చెప్పవలసి రావడం గమనార్హం.

కొత్త చట్టం వచ్చినంత మాత్రాన సమస్య తీరిపోదు. అధికారిని నియమించి, కార్యాలయం తెరిచి, ప్రజలకు తెలియజెప్పినప్పుడే అది అక్కరకు వస్తుంది. అరవై రోజులన్నది అమలు కాకపోతే అదీ పదిహేను రోజుల గడువులాగే కాగితానికి పరిమితమవుతుంది. ఈలోగా ఉభయపక్షాలకూ కొంత జాగ్రత్త అవసరం. అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, నోటీసు కాలం ఎంత, మరమ్మతులు ఎవరివి అన్న నాలుగు విషయాలు రాసుకొని రిజిస్టర్‌ చేయించుకొంటే సగం తగాదాలు పుట్టవు. ఒప్పందంలో ఒక నెల లేదా రెండు నెలల నోటీసు అని పేర్కొంటే చట్టంలోని పదిహేను రోజుల స్థానంలో ఆ షరతే చెల్లుతుంది. అద్దె బ్యాంకు ద్వారా గాని, రసీదుపై గాని చెల్లించడం మరో రక్షణ.

ఇంటిలో పాలు పొంగించిన నాడు ఎవరూ తగాదా గురించి ఆలోచించరు. ఇల్లు విడిచిపెట్టవలసిన నాడు గుర్తుకువచ్చేది ఆనాడు రాసుకోని కాగితమే. పదిహేను రోజులలో పిల్లల బడి మార్చి, మరో ఇల్లు వెదికి, మరో అడ్వాన్సు కూడగట్టుకోవడం సగటు ఉద్యోగికి తలకు మించిన భారం. తీర్పు కోసం ఏళ్లు వేచి ఉండటం వృద్ధ యజమానికి అంతకన్నా భారం. నూట నలభై ఏళ్లు దాటిన ఈ సూత్రాన్ని నేటి నగర జీవితానికి తగినట్లు సరిదిద్దే బాధ్యత రాష్ట్రాల మీదనే ఉన్నది.